ముట్టుకోకుండా అరగంట

శ్రోతలకు నమస్కారం.

ఈరోజు బిస్కెట్ల గురించి మాట్లాడతాను. మైదా లేదు, చక్కెర లేదు, బెల్లం లేదు, పాలూ వెన్నా గుడ్డూ లేవు, అలాంటి బిస్కెట్లు. "ఇన్ని తీసేస్తే ఇంక అందులో ఉండేదేంటమ్మా?" అని మా నాన్న అడిగాడు. మీరూ ఇప్పుడు అదే అనుకుంటూ ఉంటారు. ఉండేది శెనక్కాయలు.

మాది కదిరి పక్కన ఒక పల్లె. వేరుశనగను మా వైపు శెనక్కాయ అంటాం. కొందరు బుడ్డలంటారు. హైదరాబాదు వెళ్తే అవే పల్లీలు. నేను పలికేటప్పుడు ఈ మూడూ కలిసిపోతుంటాయి, సర్దుకోండి. మా నాన్న జీవితమంతా ఆ పంటే వేశాడు. కదిరి పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన కే-6 రకం విత్తనం మా పొలంలో ఎన్ని ఏళ్ళు వేశామో లెక్క లేదు. వాన వస్తే పంట, రాకపోతే అప్పు. ఆ కథ ఇంకో రోజు చెప్పుకుందాం.

నాన్నకు షుగర్ వచ్చి పదకొండేళ్ళు. మందులు మానడు, నడక మానడు, కానీ సాయంత్రం టీలోకి బిస్కెట్ కూడా మానడు. మైదా బిస్కెట్లలో 100 గ్రాములకు 70 గ్రాములకు పైనే పిండిపదార్థం ఉంటుంది. అంటే కార్బ్స్. ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా, "చక్కెర లేని టీయే కదమ్మా తాగేది" అంటాడు. ఇక మా అమ్మాయి బెంగళూరులో ఉద్యోగం. రెండేళ్ళ నుంచి వీగన్. పాలు, పెరుగు, నెయ్యి, తేనె, ఏదీ ముట్టదు. పండక్కి ఇంటికొస్తే తాతకు ఒక తిండి, మనవరాలికి ఒక తిండి. నాకు వంటింట్లో రెండు పొయ్యిలు చాలవు. ఇద్దరూ ఒకే ప్లేటులో చెయ్యి పెట్టే తిండి ఒక్కటైనా ఉండాలని నా ఆశ. అందుకే ఈ బిస్కెట్ల పని మొదలుపెట్టాను.

పీనట్ బటర్ అనగానే నాన్న నవ్వాడు. "పాలు తాగనిదానికి వెన్న పెడతావా?" అని. పేరులో బటర్ ఉందిగానీ అందులో వెన్న చుక్క కూడా ఉండదు. వేయించిన శెనక్కాయ పప్పును మెత్తగా, జారుగా అయ్యేదాకా రుబ్బితే వచ్చేదే అది. పప్పులో దాదాపు సగం నూనే కాబట్టి దాని నూనెలోనే అది నలిగి ముద్దవుతుంది. బజార్లో ఒక డబ్బా కొన్నాను. ముందువైపు పెద్ద అక్షరాలతో ఆరోగ్యం, బలం అని రాసుంది. వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదివితే శెనక్కాయల తర్వాత రెండో పేరు చక్కెర, మూడోది గట్టిపరిచిన నూనె. ఆ వరుసలో ఏది ముందుంటే అది ఎక్కువ వేశారని అర్థం. శెనక్కాయ పండించిన ఇంట్లో ఉండి ఆ డబ్బాకు డబ్బులిచ్చానే అని నన్ను నేనే తిట్టుకున్నాను.

సరే, ఇంట్లోనే చేద్దాం. 300 గ్రాముల పప్పు తీసుకోండి. ముందు ఏరండి. ముడతలు పడ్డవి, నల్లబడ్డవి, బూజు వాసన ఉన్నవి తీసి పారేయండి. బూజు పట్టిన శెనక్కాయల్లో అఫ్లటాక్సిన్ అనే విషం ఉండొచ్చు, అది వేయిస్తే పూర్తిగా పోదు. నాలుగు పప్పులకు కక్కుర్తి పడొద్దు. మందపాటి బాండ్లిలో సన్న సెగ మీద పన్నెండు, పదిహేను నిమిషాలు కలుపుతూ వేయించండి. చిటపటమని పొట్టు మీద మచ్చలు పడగానే దింపి, ఆరాక బట్టలో వేసి నలిపి, చాటలో చెరగండి. మా జేజి చెరిగితే పొట్టంతా వాకిట్లో, పప్పంతా చాటలో ఉండేది. నేను చెరిగితే రెండూ సగం సగం వాకిట్లోనే ఉంటాయి.

ఇప్పుడు మిక్సీ. పప్పులో ఒక గుప్పెడు, అంటే 50 గ్రాములు పక్కన పెట్టి, మిగతాది జార్లో వేయండి. మొదటి నిమిషంలో రవ్వలా అవుతుంది. ఆగి, స్పూనుతో అంచులు గీకి, మళ్ళీ తిప్పండి. తడి ఇసుకలా అయి గోడలకు అంటుకుంటుంది. మళ్ళీ గీకండి. తర్వాత ఉండ కట్టి, బ్లేడు మీద ఆ ఉండ ఒక్కటే గుండ్రంగా తిరుగుతుంది, మిక్సీ గొంతు మారుతుంది. చాలామంది ఇక్కడే కంగారుపడి ఒక చెంచా నీళ్ళు పోస్తారు. నీళ్ళు పోయకండి. చుక్క నీరు తగిలిందా, అది బంకలా బిగుసుకుపోతుంది, ఇక జారదు. మిక్సీ ఆపి, జార్‌ను చల్లబడనిచ్చి, మళ్ళీ తిప్పండి. నాలుగైదు సార్లు ఇలా చేశాక ఒక్కసారిగా ఉండ విడిపోతుంది. నూనె బయటికొచ్చి మెరుస్తూ, దోసె పిండిలా జారుతుంది. మొత్తం పది, పన్నెండు నిమిషాల పని, అందులో సగం ఆగడమే. పక్కన పెట్టిన గుప్పెడు పప్పును మాత్రం ఆపి ఆపి తిప్పి పొడి చేసుకోండి. మైదా బదులు ఆ పొడే.

గుడ్డు బదులు అవిసె గింజలు. అవిసె పొడి ఒక టేబుల్ స్పూను, నీళ్ళు మూడు టేబుల్ స్పూన్లు కలిపి పావుగంట ఉంచితే బెండకాయ జిగురులా తయారవుతుంది. ముద్దను కలిపి పట్టుకునేది ఆ జిగురే. నీళ్ళు పోయొద్దన్నాను కదా, ఈ జిగురు కలిపినప్పుడు ముద్ద ఎలాగూ బిగుస్తుంది. అప్పుడు బిగుసుకోవడమే మనకు కావాలి. జార్లో ఉన్నప్పుడు మాత్రం వద్దు.

తీపి సంగతి చెప్పాలి. నా మొదటి వాయి బెల్లంతో చేశాను. బెల్లం మంచిదే కదా అని నాకూ మీలాగే నమ్మకం. నాన్న రెండు తిన్నాడు, బాగున్నాయని మూడోది తిన్నాడు. రెండు గంటల తర్వాత వేలు గుచ్చి చూస్తే వచ్చిన అంకె చూసి, "మీటరు పాడైందమ్మా" అన్నాడు. మీటరుకు ఏమీ కాలేదు. షుగర్ ఉన్న ఒంటికి బెల్లమైనా, చక్కెరైనా, తేనె అయినా, ఖర్జూరమైనా తీపి తీపే. అందుకని ఎరిత్రిటాల్ అనే పొడి తెప్పించాను. చక్కెరలాగే కనిపిస్తుంది, తీపి దానికంటే కొంచెం తక్కువ, నోట్లో చల్లగా తగులుతుంది. ఒంట్లో చక్కెరలా మారదు, చాలావరకు మూత్రంలో పోతుంది. అయితే 2023లో ఒక అధ్యయనం వచ్చింది. రక్తంలో అది ఎక్కువగా ఉన్నవారిలో గుండెపోటు, పక్షవాతం ఎక్కువగా కనిపించాయని చెప్పారు. దానివల్లే వచ్చాయని తేల్చలేదు. నేను మాత్రం చెయ్యి బిగించాను. కప్పు పొయ్యమనే చోట 60 గ్రాములే వేస్తాను, అది కూడా మిక్సీలో పొడి చేసి. తగ్గిన తీపికి బదులు ఉప్పు రెండు చిటికెలు, ఏలకుల పొడి, కొంచెం శొంఠి. నిజం చెప్పాలంటే నాకు ఆ ఉప్పే నచ్చింది. గుండె జబ్బు ఉన్నవారు మీ డాక్టరును ఒక మాట అడిగి వేసుకోండి.

అన్నీ కలపండి. పీనట్ బటర్, పప్పు పొడి, అవిసె జిగురు, తీపి, ఉప్పు, వంట సోడా అర టీస్పూను. చపాతీ ముద్దకంటే కొంచెం మెత్తగా ఉండాలి. పద్దెనిమిది చిన్న ఉండలు చేసి, ఫోర్కుతో ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా నొక్కండి. ఆ గళ్ళ గీతలు అందానికని అనుకునేదాన్ని. కాదు. ఈ ముద్ద బరువు, వేడికి తనంతట తాను పరుచుకోదు, మనమే నొక్కాలి.

ఓవెన్ ఉంటే 170 డిగ్రీల దగ్గర పన్నెండు నిమిషాలు. మా ఇంట్లో ఓవెన్ లేదు. పక్కన పడేసిన పాత కుక్కర్ ఉంది. రబ్బరు తీసేయండి, విజిల్ తీసేయండి. ఈ రెండూ తప్పకుండా తీసేయాలి, ఆవిరి కోసం కాదు ఇప్పుడు మనం మూత పెట్టేది. అడుగున రెండు కప్పుల రాళ్ళుప్పు పరిచి, దాని మీద రింగు పెట్టి, మూత వేసి పది నిమిషాలు వేడి చేయండి. తర్వాత ప్లేటు లోపల పెట్టి సన్న సెగ మీద పదిహేను నుంచి పద్దెనిమిది నిమిషాలు. ఒక్కో ప్లేటుకు ఆరే పడతాయి, మూడు వాయిలు. అంచులు లేత గోధుమ రంగుకు తిరిగి, నడుమ ఇంకా మెత్తగా ఉండగానే దించేయాలి.

ఇప్పుడు అసలు సంగతి. ఈ ప్రసంగంలో ఇంకేం గుర్తుండకపోయినా ఇది గుర్తుంటే చాలు. దించాక ముట్టుకోకండి.

నా రెండో వాయి ఏమైందో చెబుతాను. ఎరిత్రిటాల్ వేసి, కొలతలన్నీ చూసుకుని చేశాను. ఇల్లంతా వేయించిన శెనక్కాయల వాసన. మా అమ్మాయి వచ్చి కుక్కర్ దగ్గరే నిలబడింది. దించగానే అట్లకాడ కింద పెట్టి లేపాను. మొదటిది రెండు ముక్కలైంది. రెండోది నాలుగు. మూడోది పొడి. వేడి వేడి పొడినే గిన్నెలోకి ఎత్తి నాన్నకిచ్చాను. ఆయన గిన్నెలోకి చూసి, "ఏమ్మా, ఈ బిస్కెట్టు స్పూనుతో తినాల్నా?" అన్నాడు. మా అమ్మాయి, "తాతా, పెరుగు ఒకటి తక్కువ, కలుపుకుందువు" అంది. ఇద్దరూ కలిసి నవ్వారు, నాకే ఒళ్ళు మండింది. అవిసె తక్కువైందేమో, సెగ చాలలేదేమో అని అన్నీ అనుమానించాను. మూడో వాయిలో అవిసె పెంచి, ఇంకో రెండు నిమిషాలు ఉంచాను. ప్లేటు దించి గట్టు మీద పెట్టానో లేదో మా చిన్నమ్మ ఫోను. ఆమె ఫోను చేస్తే పెళ్ళి సంబంధం దగ్గర మొదలై మోకాళ్ళ నొప్పుల దాకా వస్తుంది. నలభై నిమిషాలు. వచ్చి చూస్తే ఆరు బిస్కెట్లూ ప్లేటులో అలాగే ఉన్నాయి. వేలితో తడితే టక్కుమన్నాయి. చేత్తో తీస్తే ఒక్కటీ విరగలేదు.

అవిసె పెంచినందుకు కాదు. మరుసటి రోజు పాత కొలతతోనే చేసి, కావాలనే అరగంట వదిలేశాను. అప్పుడూ విరగలేదు. మైదాలో ఉండే జిగురు ఇందులో లేదు, పాకంలా పట్టే చక్కెర లేదు. వేడిగా ఉన్నప్పుడు వీటిని పట్టి ఉంచేది ఏదీ లేదు. చల్లారేకొద్దీ ఎరిత్రిటాల్ మళ్ళీ గట్టిపడుతుంది, అవిసె జిగురు బిగుస్తుంది. అప్పుడే అది బిస్కెట్టు. అంతదాకా అది వేడి ముద్దే. పోయినవారం ఒకావిడ, "మీరు చెప్పినట్టే చేశాను, పొడైపోయింది" అని నన్ను గట్టిగా అడిగింది. ఎంతసేపు ఆగారని అడిగితే, "ఐదు నిమిషాలు ఆగానండీ" అంది. ఐదు కాదు, ముప్పై. ఎత్తకండి, తిప్పకండి, ప్లేటు మార్చకండి, ఉడికిందా లేదా అని వేలితో నొక్కకండి. ముట్టుకోకండి.

ఒక్కో బిస్కెట్టులో పిండిపదార్థం సుమారు 3 గ్రాములు, ఎరిత్రిటాల్ లెక్క వదిలేస్తే. అందులో సగం పీచే. అలాగని గిన్నెడు తినేవి కావు. ఒక్కోటి 100 క్యాలరీలు ఉంటుంది, నూనె గింజ కదా. నాన్నకు రోజుకు రెండు అని కట్టడి. శెనక్కాయలు పడని పిల్లలుంటారు, బడికి డబ్బాలో పెట్టి పంపేటప్పుడు అది గుర్తుంచుకోండి. గాలి తగలని డబ్బాలో వారం నిలవుంటాయి. మా ఇంట్లో వారం ఉన్నది ఒక్కసారి కూడా లేదు, అందుకే ఈ వారం అనే మాట మా చిన్నమ్మ ఇంటి లెక్క.

సమయం అయిపోతోందని అద్దం అవతల నుంచి చెయ్యి ఊపుతున్నారు. ఒక్క మాట. కుక్కర్ అడుగున పరిచిన ఉప్పు కూరల్లోకి పనికిరాదు, పారేయనూ వద్దు. చల్లారాక ఒక డబ్బాలో పోసి, మీద పేరు రాసి పెట్టుకోండి, వచ్చే వాయికి మళ్ళీ అదే. పేరు మాత్రం తప్పకుండా రాయండి. మేం రాయలేదు, మా ఇంట్లో ఆ ఉప్పుతో ఒకసారి రసం అయింది. నమస్కారం.