ఊరెరిగిన పోలీసు

శ్రోతలకు నమస్కారం.

పోలీసు అనగానే మనకు నగరమే కళ్ళముందుకు వస్తుంది. సైరన్లు, ట్రాఫిక్, కెమెరాలు, పెద్ద పెద్ద కేసులు. ఈ రోజు నేను మాట్లాడబోయేది పల్లెల్లో పనిచేసే పోలీసు అధికారి గురించి. కొన్ని ఊళ్ళకు కలిపి ఒకరో ఇద్దరో ఉండే చోట ఈ ఉద్యోగం తీరే వేరు. జనం నమ్మితేనే అక్కడ పని జరుగుతుంది, నమ్మకపోతే ఎంత అధికారం ఉన్నా ఒక్క సాక్షి నోరు విప్పడు. ఒక అధికారి సర్వీసు మొత్తంలో ఎంతమందిని అరెస్టు చేశారన్న లెక్క కంటే, ఆ నమ్మకాన్ని ఎలా సంపాదించారన్నదే నాకు పెద్ద విషయంగా తోస్తుంది.

నిజానికి పోలీసు వ్యవస్థ పల్లెకు ఆలస్యంగానే చేరింది. 1829లో రాబర్ట్ పీల్ లండన్‌లో మెట్రోపాలిటన్ పోలీసును ఏర్పాటు చేశారు. ఇంగ్లండ్ గ్రామీణ ప్రాంతాలకు 1839లో చట్టం తెచ్చారు గానీ, ఇష్టమున్న కౌంటీలే, అంటే మన జిల్లాల్లాంటివే, పెట్టుకోవచ్చన్నారు. ఖర్చు తమ నెత్తిన పడుతుందని చాలా కౌంటీలు వెనక్కి తగ్గాయి. చివరికి 1856లో తప్పనిసరి చేయాల్సి వచ్చింది.

తర్వాత ఒక్కో దేశం ఒక్కో దారి వెతుక్కుంది. కెనడా 1873లో పశ్చిమాన ఉన్న విశాలమైన మైదానాల కోసం గుర్రాల మీద తిరిగే దళాన్ని పెట్టింది. నేటి రాయల్ కెనడియన్ మౌంటెడ్ పోలీసుకు అదే మూలం. ఇప్పటికీ ఆ దేశపు ఉత్తరాన విమానంలో తప్ప చేరలేని చాలా పల్లెల్లో వాళ్ళే పోలీసులు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో కౌంటీ పోలీసు పెద్ద అయిన షెరీఫ్‌ను ప్రజలే ఓటు వేసి ఎన్నుకుంటారు. జపాన్ పద్ధతి నాకు అన్నిటికన్నా నచ్చుతుంది. అక్కడి పల్లెల్లో చూజైషో అనే చిన్న పోలీసు కేంద్రాలుంటాయి. ముందు గదిలో ఆఫీసు, వెనక ఇల్లు. అధికారి కుటుంబంతో సహా అందులోనే కాపురం ఉంటారు. ఆయన గస్తీకి వెళ్ళినప్పుడు ఎవరైనా వస్తే భార్య మాట్లాడి విషయం రాసిపెడుతుంది. గడపగడపకూ తిరిగి, ఎవరింట్లో ఎవరున్నారు, ఒంటరిగా ఉంటున్న ముసలివాళ్ళెవరు అని కనుక్కోవడం అక్కడ డ్యూటీలో భాగమే.

ఇలా తిరగడం ఎందుకంటే, పల్లె పోలీసుకు మొదటి శత్రువు దూరం. రాత్రిపూట ఒక ఇంట్లో కొట్టుకుంటున్నారని ఫోన్ వస్తుంది. నగరంలో అయితే నిమిషాల్లో ఇంకో బండి తోడు వస్తుంది. ఇక్కడ తోడు రావడానికి అరగంటో గంటో పడుతుంది. తలుపు అవతల ఎవరున్నారో, వాళ్ళ చేతిలో ఏముందో తెలియదు. ఆ సమయంలో అధికారికి పనికొచ్చేది మాటే. గొంతు పెంచకుండా, ఎదుటివాణ్ణి పేరు పెట్టి పిలిచి, కూర్చోబెట్టి మాట్లాడించగలగాలి. పేరు పెట్టి పిలవాలంటే ఆ పేరు ముందే తెలిసి ఉండాలి కదా!

దూరం వల్లే ఇంకో బాధ్యత కూడా మీద పడుతుంది. రోడ్డు ప్రమాదం జరిగినా, ఎవరికైనా గుండె ఆగినా చాలాసార్లు అంబులెన్స్ కంటే ముందు చేరేది పోలీసే. గుండె ఆగిన మనిషి మెదడు కొద్ది నిమిషాల్లోనే దెబ్బతినడం మొదలవుతుంది. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవాళ్ళకైతే కనీసం 5 సెంటీమీటర్లు లోపలికి దిగేలా ఛాతీ మీద నొక్కడం తెలిసిన అధికారి ఒక ప్రాణాన్ని నిలబెట్టవచ్చు. పల్లెల్లో పనిచేసే ప్రతి పోలీసుకూ ఈ శిక్షణ ఇచ్చి, దాన్ని తరచూ గుర్తు చేయించాలని నా గట్టి అభిప్రాయం.

అన్నిటికంటే కష్టమైన డ్యూటీ మరొకటుంది. చావు కబురు చెప్పడం. దీనికి పోలీసు శిక్షణలో చెప్పే నియమాలు కొన్ని ఉన్నాయి. ఫోన్‌లో చెప్పకూడదు, స్వయంగా వెళ్ళాలి. వీలైతే ఇద్దరు వెళ్ళాలి. ఆలస్యం చేయకూడదు, వేరే దారిలో కబురు ముందే చేరిపోతుంది. డొంకతిరుగుడు లేకుండా, "మీ అబ్బాయి చనిపోయాడు" అని స్పష్టంగా చెప్పాలి. "సీరియస్‌గా ఉంది" అంటే ఆ తల్లి ఆశ పెట్టుకుంటుంది. చెప్పి వెంటనే వచ్చేయకూడదు, తోడు ఎవరైనా వచ్చేదాకా ఉండాలి. నగరంలో ఆ తల్లి ఎవరో తెలియని మనిషి. పల్లెలో ఆమె రోజూ పలకరించే మనిషి. ఆ అబ్బాయిని చిన్నప్పటి నుంచీ చూసిన అధికారే ఆ గుమ్మం ఎక్కాలి. ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి ఆమె ఎదురుపడుతూనే ఉంటుంది. ఈ బరువు ఏ జీతం లెక్కలోకీ రాదు. ఇలాంటి కబురు చెప్పి వచ్చిన అధికారిని కూర్చోబెట్టి "నువ్వెలా ఉన్నావు" అని అడిగే ఏర్పాటు ప్రతి పోలీసు శాఖలోనూ ఉండి తీరాలి.

ఇప్పుడు పిల్లల సంగతి. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో వాగా వాగా అనే ఊరుంది. చుట్టూ వ్యవసాయ ప్రాంతం. 1991లో అక్కడ టెర్రీ ఓ'కానెల్ అనే పోలీసు సార్జెంట్ ఒక కొత్త పద్ధతి మొదలుపెట్టారు. న్యూజిలాండ్‌లో 1989 చట్టంతో వచ్చిన కుటుంబ సమావేశాల నుంచి ఆ ఆలోచన తీసుకున్నారు. తప్పు చేసిన కుర్రవాణ్ణి నేరుగా కోర్టుకు పంపే బదులు, అతని కుటుంబాన్నీ నష్టపోయినవాళ్ళనూ ఒకచోట కూర్చోబెట్టడం ఆ పద్ధతి. ఏం జరిగింది? అప్పుడు నీ మనసులో ఏముంది? నీ పని వల్ల ఎవరెవరు బాధపడ్డారు? ఇప్పుడు దాన్ని ఎలా సరిచేస్తావు? ఇలాంటి ప్రశ్నలతో మాట సాగుతుంది. దొంగతనానికి గురైనావిడ తన భయాన్ని ఆ కుర్రవాడి ముఖం చూసి చెబుతుంది. అతను తలెత్తి వినక తప్పదు. తర్వాత ఇంగ్లండ్‌లో థేమ్స్ వ్యాలీ పోలీసులు కూడా ఈ దారి పట్టారు. అంత దూరం వెళ్ళిన ఈ పోలీసు పద్ధతిని మొదలుపెట్టింది పెద్ద నగరానికి దూరంగా ఉన్న ఒక సార్జెంట్ అన్నది తలచుకుంటే నాకు సంతోషం కలుగుతుంది.

అయితే ఇక్కడ ఒక హద్దు గీయాలి. అందరూ తెలిసినవాళ్ళే కదా అని అన్నిటికీ రాజీ కుదర్చడం పోలీసు పని కాదు. భార్యను కొట్టిన మొగుడి విషయంలో, పిల్లల మీద జరిగిన అఘాయిత్యం విషయంలో "సర్దుకుపోండి" అన్న మాట రాకూడదు. ఊళ్ళో పలుకుబడి ఉన్నవాడికి ఒక న్యాయం, లేనివాడికి ఒక న్యాయం అనిపించిన రోజున అప్పటిదాకా కూడబెట్టిన నమ్మకమంతా పోతుంది. తెలిసినవాడి మీద కేసు కట్టడం కష్టమే. తమ పిల్లలకు పాఠం చెప్పే టీచర్ తమ్ముణ్ణే అరెస్టు చేయాల్సి రావచ్చు. మర్నాడు అదే బడికి పిల్లల్ని పంపాలి. మంచి అధికారి ఆ ఇంటికి కూడా మర్యాదగానే వెళ్తారు, చట్టప్రకారమే తీసుకొస్తారు, జరిగింది ఆ కుటుంబానికి వివరంగా చెబుతారు.

ఈ ఉద్యోగంలో సేవ వేరు, డ్యూటీ వేరు అని విడదీయడం కష్టం. సెలవురోజున పిల్లలకు ఆట నేర్పడం, రక్తదానానికి జనాన్ని కూడగట్టడం, వరద రాకముందే లోతట్టు ఇళ్ళవాళ్ళను హెచ్చరించడం ఎక్కడైనా చూస్తాం. ఆట నేర్పిన చోట కలిగిన చనువుతోనే ఒక పిల్ల ఇంట్లో తనకు జరుగుతున్నది ధైర్యం చేసి చెప్పవచ్చు. మహిళా అధికారులు ఉన్న చోట ఆ ధైర్యం ఇంకాస్త తొందరగా వస్తుంది, అందుకే పల్లె స్టేషన్లలో వాళ్ళ సంఖ్య పెరగాలి.

ఇలా ఏళ్ళ తరబడి పనిచేసిన అధికారి రిటైరైతే ఏమవుతుంది? ఫైళ్ళు ఆఫీసులోనే ఉంటాయి. ఏ రెండు కుటుంబాల మధ్య పాత పగ ఉంది, ఏ వాగు ఎంత వానకు పొంగుతుంది, ఏ ఇంట్లో వినికిడి లేని పెద్దాయన ఒంటరిగా ఉన్నాడు, ఇవి మాత్రం ఏ రిజిస్టర్‌లోనూ ఉండవు. చాలాచోట్ల పాత అధికారి వెళ్ళిన తర్వాతే కొత్తవారు వస్తారు. తాళాలు, సంతకాలు తప్ప చేతులు మారేది ఏమీ ఉండదు. ఇద్దరూ కొన్ని వారాలపాటు కలిసి తిరిగేలా ఏర్పాటు చేస్తే ఖర్చు పెద్దగా పెరగదు. పాతవారు వెంట ఉండి ఇంటింటికీ పరిచయం చేస్తే, కొత్త అధికారి మొదటి రాత్రి ఫోన్ మోగినప్పుడు ఏ ఇంటికి వెళ్తున్నారో తెలిసే వెళ్తారు.

సెలవు. నమస్కారం.