ఆదర్శలోకం చుట్టూ తవ్విన కాలువ

నమస్కారం. విజయనగరం నుంచి మాట్లాడుతున్నాను. ఈనాటి మన విషయం, సాహిత్యంలో ఆదర్శలోకం.

ప్రాచీన గ్రీకు తత్త్వవేత్త ప్లేటో, ఆదర్శ రాజ్యాన్ని ఊహించిన తన 'రిపబ్లిక్'లో పాలనను తత్త్వవేత్తలకు అప్పగించాడు. అన్నం పెట్టే రైతుకు అందులో మాట లేదు. ఆ తరువాత చాలా శతాబ్దాలకు, 1516లో, ఇంగ్లండుకు చెందిన థామస్ మోర్ లాటిన్‌లో 'యుటోపియా' అనే ఊహాద్వీపపు కథను వెలువరించాడు. గొర్రెల మేత కోసం ఉమ్మడి భూములకు కంచెలు వేసి రైతులను వెళ్లగొడుతున్న కాలమది, ఆ కోపం పుస్తకంలో నిజాయితీగా వినిపిస్తుంది. అతని ద్వీపంలో సొంత ఆస్తి లేదు, రోజుకు పని ఆరు గంటలే, బంగారమంటే ఎంత చులకనో చూపడానికి దానితో మూత్రపాత్రలూ బానిసల సంకెళ్లూ చేయిస్తారు.

మనం బంగారం దగ్గర ఆశ్చర్యపడి సంకెళ్లను దాటిపోతాం. అందరూ సమానులైన చోట బానిసలెందుకు? పశువులను కోయడం వంటి, పౌరుల చేతికి అంటకూడని పనులకు. వారిలో యుద్ధఖైదీలూ నేరస్థులూ ఉన్నారు; వారితో పాటు, తమ దేశంలో బతకలేక పొట్ట చేతపట్టుకుని వచ్చి, తమంతట తామే దాస్యానికి ఒప్పుకున్న పరదేశపు పేదలూ ఉన్నారు. చెన్నైకో హైదరాబాదుకో తాపీపనులకు వలస వెళ్లే కుటుంబాలను ఏటా సాగనంపే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లం ఈ మాటను ఊరికే చదివి వదిలేయలేం. పలాసలో జీడిపిక్కలు వలిచే ఆడవారి వేళ్లు చూడండి, పెంకులోంచి కారే జీడికి చర్మం పొక్కి నల్లబడుతుంది. ఆ పని మోర్ ద్వీపంలో ఎవరికి పడేదో ఊహించడం కష్టం కాదు.

పైగా అది పుట్టు ద్వీపం కూడా కాదు. యుటోపస్ అనే రాజు ఆ నేలను గెలిచి, 15 మైళ్ల మేర కాలువ తవ్వించి, దాన్ని పొరుగు భూమి నుంచి వేరు చేశాడని మోర్ రాశాడు. నా దృష్టిలో పుస్తకం మొత్తానికీ కీలకం ఇదే. మేలైన లోకాన్ని ముందు మిగతా మనుషుల నుంచి కోసి, ఆ తరువాతే కట్టారు.

ఇదే విజయనగరంలో జీవించిన గురజాడ అప్పారావు కలకు ఆ కాలువ లేదు. 1910లో హేలీ తోకచుక్క కనిపించి జనం కీడు శంకిస్తున్నప్పుడు, 'ముత్యాల సరములు'లో ఆయన దానిని సంఘసంస్కరణకు పతాకగా చూశాడు. లోకమంతా ఒక్క ఇల్లయ్యే రోజును, వర్ణభేదాలు కల్లలయ్యే రోజును ఊహించాడు. 'లవణరాజు కల'లో ఇంకా ముందుకు వెళ్లాడు. అడవిలో ఆకలితో ఉన్న రాజుకు అన్నం తెచ్చిన పిల్ల తాను మాలపిల్లనని చెబుతుంది. మనుషుల్లో మంచి, చెడు అని రెండే కులాలనీ, మంచి అన్నది మాల అయితే తానూ మాలనే అవుతాననీ రాజు బదులిస్తాడు. మోర్ కథలో ద్వీపాన్ని వర్ణించే యాత్రికుడు అక్కడ అతిథిగా ఉండి తిరిగి వచ్చినవాడు. గురజాడ రాజు ఆ పిల్లను పెళ్లాడి, ఆమె వాళ్లతోనే కాపురం ఉంటాడు.