878 ముక్కల బోన్సాయ్: పెద్దవాళ్లు కట్టే బ్రిక్ సెట్‌లో ఏం చూడాలి? | రివ్యూ

అందరికీ నమస్కారం. ముందుగా ఈ కొమ్మ మీది పూలు చూడండి. దూరం నుంచి గులాబీ రంగు చెర్రీ పూలే, చెట్టు నిండా విరగబూశాయి. ఇప్పుడు కెమెరా ఇంకాస్త దగ్గరికి జరుపుతున్నాను. కళ్లు కనిపించాయా? ముడుచుకుని కూర్చున్న కాళ్లు? ఇవి పూలు కావండీ, కప్పలు. ఈ పూలల్లో చాలావరకు చిన్న ప్లాస్టిక్ కప్పలే. చెట్టు మొత్తం మీద దాదాపు వంద ఉంటాయి.

ఇది లెగో బోన్సాయ్ ట్రీ, అంటే కుండీలో పెంచే మరుగుజ్జు చెట్టు బొమ్మ, సెట్ నంబర్ 10281. 2021 జనవరిలో వచ్చింది. 878 ముక్కలు, కట్టాక ఎత్తు సుమారు 18 సెంటీమీటర్లు. డిజైన్ చేసింది నికొలాస్ వాస్. నల్లటి డబ్బా మీద 18 ప్లస్ అని ఉంటుంది. ఆ అంకె చూసి కష్టమేమో అని టెన్షన్ పడకండి. బొమ్మగా ఆడుకోవడానికి కాకుండా, కట్టి ఎదురుగా పెట్టుకునే పెద్దవాళ్ల కోసం చేశారని దాని అర్థం, అంతే.

ఇంత పాత సెట్‌కి ఇప్పుడు రివ్యూ ఏమిటి అనొచ్చు. కారణం ఉంది. ఈ హాబీలో కొత్తగా అడుగుపెట్టినవాళ్లు నన్ను ముందుగా అడిగేది ఒకటే: "ఎన్ని ముక్కలు?" ఎన్ని ఎక్కువుంటే అంత గొప్ప సెట్ అని చాలామంది నమ్మకం. నేను ఈ నమ్మకంతో అస్సలు ఏకీభవించను, దానికి ఈ చిన్న చెట్టు కంటే మంచి సాక్ష్యం నాకు దొరకలేదు.

ముక్కల లెక్కే తీసుకుందాం. 2021లోనే వచ్చిన లెగో వరల్డ్ మ్యాప్‌లో 11,695 ముక్కలున్నాయి. వాటిలో అత్యధికం ఒక బుడిపె, అంటే ముక్క పైన ఉబ్బెత్తుగా ఉండే గుండ్రటి మొటిమ, అంత సైజు గుండ్రటి ముక్కలే. గోడకు తగిలిస్తే అందంగా ఉంటుంది, కాదనను. కానీ చెయ్యి చేసే పని మాత్రం మొదటి గంటలో ఎలా ఉంటుందో చివరి గంటలోనూ అలాగే ఉంటుంది. మనశ్శాంతి కోసం అలాంటి పని ఇష్టపడేవాళ్లు ఉన్నారు, వాళ్లకది సరైన సెట్. కొత్త విద్య నేర్చుకోవాలనుకునేవాళ్లకు కాదు.

ఇంకో లెక్క చూడండి. రెండు వరసల్లో ఎనిమిది బుడిపెలుండే మామూలు బ్రిక్కులు, ఒకే రంగువి, ఆరు తీసుకుంటే వాటిని ఒకదానికొకటి బిగించే పద్ధతులు 91,51,03,765. తొంభై ఒక్క కోట్ల పైమాటే. కోపెన్‌హాగెన్ యూనివర్సిటీ గణిత శాస్త్రవేత్త సోరెన్ ఐలర్స్ కంప్యూటర్‌తో లెక్క తేల్చారు. ఆరు ముక్కల్లోనే ఇంత దాగి ఉన్నప్పుడు ఎన్ని ముక్కలున్నాయన్న ప్రశ్నకు పెద్ద విలువ లేదు. వాటితో డిజైనర్ ఏం చేశాడు, దాన్ని కడుతూ మన చేతికి ఏం అలవాటైంది, నేను చూసేది ఇదే. సెట్ పూర్తయ్యాక, మాన్యువల్ మూసేసి, అందులోని ఒక ఉపాయాన్ని నా సొంత కట్టడంలో వాడుకోగలిగితే ఆ సెట్ గెలిచినట్టు.

సరే, కట్టడం మొదలుపెడదాం. మొదట కుండీ. నల్లటి కుండీ, దాని కింద చెక్క పలకల్లాంటి పీఠం. ఈ భాగం త్వరగా దాటేస్తాను, ఎందుకంటే ఇందులో విశేషం తక్కువ. గోడలు నున్నగా, పైన బుడిపెలు కనబడకుండా టైల్స్‌తో, అంటే బుడిపెలు లేని నున్నటి పలకలతో మూసేస్తాం. చేతులు వేడెక్కడానికి పనికొస్తుంది.

తర్వాత మట్టి. ఇక్కడే నాకు ఈ డిజైనర్ మీద గౌరవం కలిగింది. మట్టిని ఏ ముక్కకూ బిగించరు! గుండ్రటి చిన్న ముక్కలు బోలెడన్ని ఉంటాయి, వాటిని గుప్పెడుగా తీసుకుని కుండీలో పోసెయ్యడమే. ప్రతి ముక్కా టక్కుమని బిగుసుకోవాలి అన్నది ఈ హాబీలో మొదటి పాఠం కదా, ఆ నియమాన్ని కావాలనే పక్కన పెట్టారు. మట్టి అంటే వదులుగా ఉండేది, అందుకని వదిలేశారు. చూడటానికి నిజంగా మట్టిలాగే ఉంది. ఒక జాగ్రత్త: చోటు మార్చేటప్పుడు వంచకుండా పట్టుకోవాలి, లేకపోతే మట్టి ఒలుకుతుంది. చిన్నపిల్లలు తిరిగే చోట పెట్టకండి, ఆ ముక్కలు నోట్లో పెట్టుకునే సైజు.

ఇప్పుడు మాను దగ్గరికి వద్దాం. ఇక్కడ కాసేపు ఆగుతాను, రివ్యూలో నాకు ముఖ్యమైన భాగం ఇదే.

బ్రిక్కులన్నీ చతురస్రాలు, దీర్ఘచతురస్రాలు. చెట్టు మాను మాత్రం వంకర తిరగాలి, మెలికపడాలి, ఒకవైపు ఉబ్బాలి. బుడిపెలు అన్నీ పైకే చూస్తూ ఉంటే మెట్లు మెట్లుగా వస్తుంది తప్ప మాను రాదు. కాబట్టి బుడిపెలు పక్కకు చూసే ముక్కలు వాడి, వాటి మీద వంపు తిరిగిన ముక్కలను అడ్డంగా అతికించాలి. బిల్డర్లు దీన్ని స్నాట్ టెక్నిక్ అంటారు, అంటే బుడిపెలు పైకి కాకుండా వేరే దిక్కుకు తిప్పి కట్టడం.

అడ్డంగా తిప్పినప్పుడు కొలతలు ఎలా కలుస్తాయి అన్నది అసలు ప్రశ్న. నా చేతిలో ఉన్న ఈ రెండు ముక్కలు చూడండి. ఒక బుడిపె మధ్య నుంచి పక్క బుడిపె మధ్యకు దూరం 8 మిల్లీమీటర్లు. బ్రిక్ ఎత్తు 9.6. పల్చటి ప్లేట్ ఎత్తు 3.2, అంటే మూడు ప్లేట్లు పేరిస్తే ఒక బ్రిక్. ఇప్పుడు ఐదు ప్లేట్లు పేరుస్తున్నాను. ఐదు మూడు పాయింట్ రెండ్లు పదహారు. రెండు బుడిపెల వెడల్పు ఎంత? ఎనిమిది రెండ్లు పదహారు. సరిపోయింది! ఐదు ప్లేట్ల ఎత్తు, రెండు బుడిపెల వెడల్పు ఒకటే. నిలువుగా కట్టినదీ అడ్డంగా కట్టినదీ సందు లేకుండా ఒకదాని పక్కన ఒకటి కూర్చోవడానికి మూలం ఈ లెక్క. ఇది ఒక్కటి మనసులో నాటుకుంటే చాలు, ఏ పెద్ద సెట్ లోపల చూసినా డిజైనర్ ఏం చేశాడో అర్థమవడం మొదలవుతుంది. మాన్యువల్ ఈ మాట ఎక్కడా చెప్పదు. చేత్తో కట్టిస్తుంది, ఎందుకలా అన్నది మనమే ఆగి చూసుకోవాలి. అందుకే మాను కట్టేటప్పుడు తొందరపడకండి. ప్రతి నాలుగైదు మెట్లకూ ఒకసారి చేతిలో తిప్పి, ఏ బుడిపె ఏ దిక్కుకు చూస్తోందో గమనించండి.

ఈ కొలతలు నిన్నమొన్నటివి కావు. బుడిపె పైన, గొట్టం లోపల ఉండే ఇప్పటి బ్రిక్‌కు లెగో కంపెనీ డెన్మార్క్‌లో పేటెంట్ దరఖాస్తు వేసింది 1958 జనవరి 28న. 1963 నుంచి ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్ వాడుతున్నారు. 1958 నాటి బ్రిక్ ఈ రోజు కొన్న బ్రిక్‌తో బిగుసుకుంటుంది. ఒక ఇంట్లో మూడు తరాల డబ్బాలు కలిపి ఒకే కట్టడం కట్టొచ్చు. ఈ హాబీ మీద నాకున్న ప్రేమలో సగం ఈ మాటకే దక్కుతుంది.

ఇక కొమ్మలు. డబ్బాలో రెండు రకాలు ఇచ్చారు: పచ్చటి ఆకులు, ఇందాక చూపించిన గులాబీ పూలు. మాను అలాగే ఉంచి పైభాగం తీసి మార్చుకోవచ్చు. ఆకులు వేళ్లతో నొక్కి చూడండి, కొంచెం వంగుతాయి. బ్రిక్ వంగదు. ఎందుకంటే ఆకులు, మొక్కల భాగాలు ఏబీఎస్‌తో కాదు, మెత్తటి పాలిథిలిన్‌తో చేస్తారు. 2018 నుంచి ఇలాంటి ముక్కలకు చెరకు నుంచి తీసిన పాలిథిలిన్ వాడుతున్నారు. చెట్టు ఆకులు మొక్క నుంచి వచ్చిన ప్లాస్టిక్‌తోనే తయారవడం నాకు బాగా నచ్చింది.

కప్పల విషయం మళ్లీ ఎత్తుతున్నాను, వదిలేస్తే అన్యాయం. కప్ప కోసం పోసిన అచ్చుతోనే గులాబీ రంగులో పోసి, పూల గుత్తిగా వాడుకున్నారు. ఒక ముక్కను అది పుట్టిన పనికి కాకుండా వేరే పనికి వాడటమంటే బిల్డర్లకు పెద్ద గౌరవం. మీరే ప్రయత్నించండి: మీ డబ్బాలోంచి ఒక ముక్క తీసి, దాని పేరు మరిచిపోయి, ఆకారం మాత్రమే చూడండి. స్టీరింగ్ చక్రం కిటికీ చట్రం కావచ్చు, కత్తి పిడి కంచె గుబ్బ కావచ్చు. బోన్సాయ్ కట్టాక నేను నా ముక్కల డబ్బాలు చూసే తీరే మారింది.

ఇలా నేర్పే సెట్ ఇంకొకటి చెప్పమంటే, టైప్‌రైటర్ చెబుతాను. సెట్ నంబర్ 21327, ఇదీ 2021లోదే, 2,079 ముక్కలు. లెగో ఐడియాస్ అనే కంపెనీ వెబ్‌సైట్‌లో అభిమానులు తమ సొంత డిజైన్లు పెడతారు, 10,000 మంది మద్దతు వస్తే కంపెనీ పరిశీలిస్తుంది. స్టీవ్ గిన్నెస్ అనే అభిమాని పెట్టిన ఆలోచన అలా సెట్‌గా వచ్చింది. మీట నొక్కితే లోపలి కడ్డీ లేస్తుంది, కాగితం పట్టుకునే భాగం పక్కకు జరుగుతుంది. బోన్సాయ్ ఆకారం నేర్పుతుంది, టైప్‌రైటర్ కదలిక నేర్పుతుంది. అయితే మొదటి సెట్‌గా అది వద్దు. లోపల ఒక్క ముక్క ఒక బుడిపె పక్కకు పడినా కదలిక ఆగిపోతుంది, అప్పుడు విప్పే ఓపిక కావాలి.

సెట్లు పోగుచేసే విషయం కూడా కొంచెం మాట్లాడుకుందాం, ఎందుకంటే కట్టడం ఎంత ముఖ్యమో దాచుకోవడం కూడా అంతే. ముక్కలు వేరు చేసేటప్పుడు రంగును బట్టి వేరు చేయకండి. ఆకారాన్ని బట్టి చేయండి. ప్లేట్లన్నీ ఒక డబ్బాలో ఉంటే అందులో ఎర్రది కంటికి వెంటనే దొరుకుతుంది. నల్లవన్నీ ఒక డబ్బాలో ఉంటే మాత్రం చిన్న నల్ల ముక్క కోసం అడుగుదాకా కెలకాలి. ముక్క పేరు తెలియకపోతే తిరగేసి వెలుతురులో చూడండి, చాలా ముక్కల మీద సన్నటి అంకె అచ్చులోనే ఉంటుంది. ఉదాహరణకు ఇందాకటి ఎనిమిది బుడిపెల బ్రిక్ 3001. ఆ అంకెతో, ముక్కలు అమ్మే బ్రిక్‌లింక్ సైట్‌లో వెతికితే విడిగా ఆ ఒక్క ముక్కే కొనుక్కోవచ్చు. ఉన్న సెట్లతో ఇంకేం కట్టొచ్చో రీబ్రికబుల్ అనే సైట్ చెబుతుంది.

పాతవి కొంటుంటే మాన్యువల్ లేదని వెనకాడకండి, చాలా సెట్ల మాన్యువల్స్ లెగో సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. కానీ అమ్మేవాళ్లను ముక్కల ఫొటో తప్పకుండా అడగండి. ఒకసారి ఒకరి దగ్గర నేను కొన్న మూటలో వేరే రకం నకిలీ బ్రిక్కులు కలిసి వచ్చాయి, బుడిపెల పట్టు ఒక్కోదానికి ఒక్కోలా ఉంది. వాటిని ఏరడం చాలా విసుగు. ఇంకో సంగతి, బూడిద రంగు ముక్కలు కొంటుంటే 2004కు ముందువా తర్వాతవా అని చూసుకోండి. ఆ ఏడాది కంపెనీ బూడిద, గోధుమ రంగుల ఛాయ మార్చింది. రెండూ ఒకే గోడలో కలిస్తే అతుకు వేసినట్టు కనబడుతుంది.

దుమ్ము పట్టిన పాత ముక్కలను 40 డిగ్రీల సెల్సియస్ దాటని నీళ్లలో, కొంచెం సబ్బుతో, చేత్తో కడగండి. వాషింగ్ మెషిన్ వద్దు, ఎండలో ఆరబెట్టడం అసలే వద్దు. ఎండ తగిలితే తెల్లవీ బూడిదవీ పసుపెక్కుతాయి. ఈ బోన్సాయ్‌ను కూడా కిటికీకి ఎదురుగా పెట్టకండి. నిజం చెట్టుకు వెలుతురు కావాలి, దీనికి నీడ కావాలి. దుమ్ముకు మెత్తటి మేకప్ బ్రష్ చాలు. ముక్కలు ఊడదీయడానికి పళ్లు, గోళ్లు వాడకండి దయచేసి. బ్రిక్ సెపరేటర్ అందుకే ఉంది, పంటిగాటు పడిన ముక్క మళ్లీ కొత్తది కాదు.

చివరిగా, ఎవరు తీసుకోవాలి? చిన్నప్పుడు బ్రిక్స్‌తో ఆడుకుని, మధ్యలో ఏళ్ల తరబడి వదిలేసి, మళ్లీ మొదలుపెట్టాలనుకునేవాళ్లకు ఇదే నా మొదటి సలహా. "ఈ వయసులో బొమ్మలేమిటి" అని ఎవరైనా అంటే వాళ్ల చేతిలో ఆ మాను పెట్టి, ఐదు ప్లేట్లు, రెండు బుడిపెల లెక్క చూపించండి. ఎక్కువ చోటు లేనివాళ్లకు కూడా ఇది సరిపోతుంది, పుస్తకాల అరలో ఒక మూల చాలు. కార్లు, ఓడలు, కదిలే యంత్రాలు ఇష్టమైనవాళ్లు మాత్రం లెగో టెక్నిక్ అనే పేరుతో వచ్చే సెట్లవైపు వెళ్లండి, ఇందులో మీకు కావలసింది దొరకదు.

వచ్చే వీడియోలో ఈ మాను ఉపాయాన్నే తీసుకుని, మాన్యువల్ లేకుండా, ఊడలు దిగిన మర్రిచెట్టు కట్టబోతున్నాను. మీ దగ్గర గోధుమ రంగు వంపు ముక్కలు ఉంటే పక్కకు తీసి పెట్టుకోండి, కలిసి కడదాం. ఉంటాను మరి.