‘పాంక్రియాస్‌లో సిస్ట్ ఉందంటున్నారు డాక్టర్ గారూ’: ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: నమస్కారం. ఇవాళ క్లోమ గ్రంథిలో, అంటే పాంక్రియాస్‌లో కనిపించే నీటి బుడగల గురించి మాట్లాడుకుందాం. మీ సందేహాలు తీర్చడానికి గ్యాస్ట్రోఎంటరాలజిస్ట్ డాక్టర్ గారు స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్ తీసుకుందాం. హలో, ఎక్కడి నుంచండీ?

కాలర్: అమలాపురం నుంచండీ. మా అమ్మగారి గురించండీ, ఆవిడకి 68 ఏళ్లు. కిడ్నీలో రాయేమోనని సీటీ స్కాన్ తీయించామండీ. రాయి లేదు గానీ, పాంక్రియాస్ తలభాగంలో 1.6 సెంటీమీటర్ల సిస్ట్ ఉందని, అది బ్రాంచ్ డక్ట్ ఐపీఎంఎన్ కావచ్చని రాశారు. మా బావగారు ఫోన్‌లో చూసి, కేన్సర్‌కి ముందు దశ అంటున్నారు. అప్పట్నుంచీ ఇంట్లో ఎవరికీ అన్నం సయించట్లేదండీ.

డాక్టర్: అమ్మగారికి కళ్లు పచ్చబడటం, బరువు తగ్గడం ఏమైనా ఉన్నాయా? షుగరుందా?

కాలర్: పచ్చబడటం లేదండీ, బరువూ తగ్గలేదు. షుగర్ ఎప్పట్నుంచో ఉందండీ, మాత్రలతో అదుపులోనే ఉంది.

డాక్టర్: రిపోర్టు చేతిలో ఉంటే మెయిన్ డక్ట్ ఎంతని రాశారో చూడమ్మా.

కాలర్: ఒక్క నిమిషమండీ... ‘ఎంపీడీ 2.5 ఎంఎం’ అని ఉంది. ‘నో మ్యూరల్ నాడ్యూల్’ అని కూడా రాశారండీ.

డాక్టర్: అయితే ముందు అందరూ కూర్చుని అన్నం తినండి. బుడగ గోడకి గడ్డ ఏమైనా ఉందా అని నేను అడగాలనుకున్న రెండో ప్రశ్నకి కూడా నువ్వే జవాబు చదివేశావు. మీది కోనసీమ కదా, పిల్ల కాలువలు పెద్ద కాలువలో కలిసినట్టే పాంక్రియాస్‌లో కూడా జీర్ణరసం చిన్న గొట్టాల్లోంచి పెద్ద గొట్టంలోకి, అంటే మెయిన్ డక్ట్‌లోకి వస్తుంది. మీ అమ్మగారికి వాచింది చిన్న గొట్టం. జిగురు పేరుకుని బుడగలా కనిపిస్తోంది. రిపోర్టులో బ్రాంచ్ డక్ట్ ఐపీఎంఎన్ అన్నది దీన్నే. ఈ జబ్బుని 1982లో జపాన్ వైద్యులు మొదట వర్ణించారు. దేన్ని కొయ్యాలి, దేన్ని కనిపెట్టుకుని ఉండాలి అన్నదానికి 2006లో సెండాయ్‌లో నియమాలు రాసుకున్నారు. వాటిని సవరిస్తూ సవరిస్తూ 2024లో క్యోటో నియమాలు వచ్చాయి.

పెద్ద గొట్టం 10 మిల్లీమీటర్లు దాటి ఉబ్బినా, బుడగ గోడకి రక్తప్రసారం ఉన్న గడ్డ 5 మిల్లీమీటర్లో అంతకన్నా ఎక్కువో ఉన్నా, తలభాగంలో బుడగ ఉండి కామెర్లు వచ్చినా సర్జన్ దగ్గరికి వెళ్లాల్సిందే. బుడగ 3 సెంటీమీటర్లకి చేరినా, పెద్ద గొట్టం 5 నుంచి 9 మిల్లీమీటర్లున్నా, బుడగ ఏడాదికి రెండున్నర మిల్లీమీటర్లో అంతకు మించో పెరుగుతున్నా లోతుగా చూడాలి. నువ్వు చదివినదాంట్లో ఇవేవీ లేవమ్మా.

కాలర్: అలాగైతే ఆపరేషన్ చేయించేస్తే గొడవ వదిలిపోతుంది కదండీ?

డాక్టర్: తలభాగంలో ఆపరేషన్ అంటే విపుల్ సర్జరీ. పాంక్రియాస్ తల, చిన్నపేగు మొదటి భాగం, పిత్తాశయం, పైత్యనాళం కింది భాగం తీసేసి, మిగిలినవన్నీ మళ్లీ కలిపి కుట్టాలి. బాగా అనుభవం ఉన్న ఆసుపత్రుల్లో కూడా వందలో ఒకరిద్దరు, ముగ్గురు ప్రాణం కోల్పోతారు. కోలుకున్నవాళ్లలో కూడా కొందరికి అతుకు దగ్గర లీకు, కొత్తగా షుగర్ లాంటివి వస్తాయి. బహుశా ఎప్పటికీ కేన్సర్ కాని బుడగ కోసం అమ్మగారిని అంత కష్టంలోకి తోయకూడదు.

అలాగని ఆ రిపోర్టు బీరువాలో పెట్టి మర్చిపోకూడదు. నా భయమంతా అక్కడే. టోక్యో యూనివర్సిటీ వాళ్లు ఇలాంటి 1,404 మందిని ఏళ్ల తరబడి పరీక్షిస్తూ వచ్చి 2020లో ఫలితాలు ప్రచురించారు. అయిదేళ్లలో 3.3 శాతం మందికి, పదిహేనేళ్లలో 15 శాతం మందికి పాంక్రియాస్ కేన్సర్ వచ్చింది. అంటే ఎక్కువమందికి రాలేదు, కానీ అయిదేళ్లు బాగుందని ముప్పు పోలేదు. ఇంకో సంగతి, ఆ కేన్సర్లలో సగానికి కాస్త తక్కువగా బుడగలో కాకుండా పాంక్రియాస్‌లో వేరే చోట పుట్టాయి. అందుకే ఎంఆర్‌ఐలో బుడగొక్కటే కాదు, గ్రంథి మొత్తం చూడాలి.

కాలర్: మరి మేమిప్పుడేం చెయ్యాలండీ?

డాక్టర్: ఇప్పుడొక ఎంఆర్‌సీపీ, అంటే పాంక్రియాస్ గొట్టాల్ని, పైత్యనాళాల్ని చూపించే ఎంఆర్‌ఐ తీయించి, రిపోర్టులతో స్పెషలిస్టుకి ఒకసారి చూపించండి. ఐపీఎంఎన్ అని తేలితే, 2 సెంటీమీటర్ల లోపు బుడగకి క్యోటో లెక్క ప్రకారం ఆరు నెలల తర్వాత ఒకసారి చూసి, మార్పు లేకపోతే ఆ తర్వాత ఏడాదిన్నరకోసారి. వీలైనంతవరకు ఒకే సెంటర్లో తీయించండి. సీడీలు దాచండి. పాత ఫిల్మ్ పక్కన పెట్టి చూస్తేనే పెరిగిందో లేదో రేడియాలజిస్టుకి తెలుస్తుంది.

యాంకర్: తర్వాతి కాలర్, చెప్పండి.

కాలర్: నమస్తే సార్, సిద్దిపేట కెల్లి మాట్లాడుతున్న. మా నాయిన పాంక్రియాస్ కేన్సర్‌తోని పోయిండు. మా మేనత్త గూడ గదే జబ్బుతోని పోయింది. నాకు 52 ఏండ్లు. హెల్త్ ప్యాకేజీల సీఏ 19-9 అని రక్తపరీక్ష ఉన్నదంట, అది చేపిచ్చుకుంటే సాలదా?

డాక్టర్: సాలదు తమ్ముడూ. పిత్తాశయంలో రాళ్లున్నా, కామెర్లున్నా అది పెరుగుతుంది. కొందరి శరీరంలో అసలు తయారే కాదు. నార్మల్ వచ్చిందని నిశ్చింతగా ఉండలేం, ఎక్కువ వచ్చిందని కేన్సర్ అనలేం. ఏ ముప్పూ, ఏ లక్షణమూ లేనివాళ్లకి ఈ కేన్సర్ స్క్రీనింగ్ వద్దని అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ 2019లో మళ్లీ చెప్పింది. కానీ నీ సంగతి వేరు. నాన్నకీ, ఆయన తోబుట్టువుకీ వచ్చింది కాబట్టి నీది ముప్పున్న కుటుంబం. ముందు జెనెటిక్ కౌన్సెలింగ్, బీఆర్‌సీఏ2 లాంటి జన్యువుల పరీక్ష చేయించుకో. తర్వాత ఏటా ఎంఆర్‌ఐ గానీ, ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ గానీ. సిగరెట్ తాగుతావా?

కాలర్: తాగుత సార్.

డాక్టర్: ఇవాళే మానెయ్. జన్యువుల్ని మార్చలేం, ఇది మాత్రం నీ చేతిలో ఉంది. జాన్స్ హాప్కిన్స్ నాయకత్వంలో నీలాంటి 1,461 మంది మీద క్యాప్స్5 అనే పరిశోధన జరిగింది. 2022లో వచ్చిన ఫలితాల్లో, క్రమం తప్పకుండా పరీక్షలకి వచ్చినవాళ్లలో తొమ్మిది మందికి కేన్సర్ బయటపడితే, ఏడుగురికి అది మొదటి దశలోనే ఉంది. మామూలుగా ఈ జబ్బు మా దగ్గరికి అంత ముందుగా రాదు. అందులోనే ఇంకొకరు పరీక్షలకి రావడం మానేశారు. నాలుగేళ్ల తర్వాత చూసేసరికి జబ్బు ఒళ్లంతా పాకింది. ఆ ఒక్క మనిషి సంగతి నేను చాలామందికి చెప్తుంటాను.

కాలర్: సమజైంది సార్.

యాంకర్: ఇప్పుడు న్యూజెర్సీ నుంచి ఒకరు లైన్లో ఉన్నారు.

కాలర్: నమస్తే డాక్టర్ గారూ. నాకు 2.2 సెంటీమీటర్ల సిస్ట్ ఉంది. ఇక్కడ ఈఏ2185 అనే ట్రయల్‌లో చేరాను. స్కాన్లు తక్కువగా తీసే గ్రూపు వచ్చింది. మా ఆవిడేమో మిమ్మల్ని గాలికి వదిలేశారంటోంది.

డాక్టర్: లేదండీ. రెండు గ్రూపులవీ వైద్య సంఘాలు ఒప్పుకున్న పద్ధతులే. ఒకటి, ఇందాక చెప్పిన సెండాయ్ నియమాల్ని సవరించి రాసిన ఫుకువోకా నియమాల ప్రకారం తరచుగా, ఇంకోటి అమెరికన్ గ్యాస్ట్రోఎంటరలాజికల్ అసోసియేషన్ 2015లో చెప్పినట్టు తక్కువసార్లు. ఏది మేలో ఇంతవరకు ఎవరూ పక్కపక్కన పెట్టి పోల్చలేదు. అందుకే 4,606 మందిని చేర్చుకోవాలని ఆ ట్రయల్ మొదలుపెట్టారు. జవాబు దొరికితే అమలాపురం అమ్మగారి లాంటివాళ్లకి ఎన్ని స్కాన్లు చాలో రేపు మేం ధైర్యంగా చెప్పగలం. మీరు చేరినందుకు నాకు నిజంగా సంతోషంగా ఉంది. ఈలోగా కామెర్లో, విడవని కడుపునొప్పో వస్తే మాత్రం తర్వాతి తేదీ కోసం ఆగకండి.

యాంకర్: సమయం అయిపోవచ్చింది. చివరి కాల్, విశాఖపట్నం నుంచి. చెప్పండమ్మా.

కాలర్: డాక్టర్ గారూ, మా ఆయనకి 61. ఆర్నెల్ల కిందట కొత్తగా షుగర్ వచ్చిందండీ. మందులు పెంచుతున్నా తగ్గట్లేదు. మనిషి ఆరు కేజీలు తగ్గిపోయారు. పథ్యం వల్లేమో అనుకుంటున్నాం.

డాక్టర్: వాళ్లింట్లో ఎవరికైనా షుగరుందా? నడుం నొప్పి అంటున్నారా?

కాలర్: ఎవరికీ లేదండీ. నొప్పి... రాత్రిళ్లు వెనక పట్టేసినట్టుందంటారు.

డాక్టర్: అమ్మా, కంగారు పడకుండా వినండి. మేయో క్లినిక్‌లో సురేశ్ చారి గారి బృందం 2005లో ఒక లెక్క తేల్చింది. యాభై దాటాక కొత్తగా షుగర్ వచ్చినవాళ్లలో దాదాపు నూటికి ఒకరికి మూడేళ్లలోపు పాంక్రియాస్ కేన్సర్ బయటపడింది. మిగతా తొంభై తొమ్మిది మందిదీ మామూలు షుగరే. కానీ షుగర్ పెరుగుతూ బరువు తగ్గుతోందంటే, పైగా వెన్నునొప్పి కూడా ఉందంటే, పథ్యం వల్లే అని సరిపెట్టుకోలేను. ‘పాంక్రియాస్ ప్రోటోకాల్’తో, అంటే పాంక్రియాస్ స్పష్టంగా కనిపించేలా తీసే పద్ధతిలో, సీటీ స్కాన్ ఈ వారంలోనే తీయించండి. కిడ్నీ పనితీరు చూసే క్రియాటినిన్ పరీక్ష ముందు చేయించాలి.

కాలర్: వచ్చే నెల మా అమ్మాయి పెళ్లండీ. అదయ్యాక...

డాక్టర్: వద్దమ్మా. స్కాన్‌కి ఒక్క పూట చాలు. రేపు పొద్దున్నే వెళ్లండి. మీరు లైన్లోనే ఉండండి, ఏ పరీక్షలు రాయించుకోవాలో కార్యక్రమం అయ్యాక నేనే చెప్తాను.

యాంకర్: లైన్ కట్ చెయ్యకండమ్మా. శ్రోతలకి నమస్కారం.