నామినేషన్‌కి సెకండ్ అక్కర్లేదండీ!

నమస్కారం. క్లబ్ ఎన్నికల మీటింగ్‌లో ఒకరు లేచి "ట్రెజరర్‌గా ఫలానా ఆవిడ పేరు ప్రతిపాదిస్తున్నాను" అంటారు. వెంటనే వేదిక మీంచి ప్రశ్న: "సెకండ్ చేసేవాళ్లు ఎవరు?" అంటే, ఆ పేరుని బలపరిచే ఇంకొకరు ఎవరని. జనం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఎవరూ చెయ్యెత్తరు. ఆ పేరు కొట్టేస్తారు. ఇది విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. లేని రూల్ చెప్పి ఒక మనిషిని పోటీలోంచి తప్పించేశారు!

అమెరికాలో చాలా క్లబ్బులు, సంఘాలు తమ బైలాస్‌లో (సొంత నియమావళిలో) "ఇందులో చెప్పనివాటికి రాబర్ట్స్ రూల్స్ వర్తిస్తాయి" అని రాసుకుంటాయి. మీ తెలుగు సంఘం బైలాస్‌లోనూ ఆ వాక్యం ఉందేమో చూడండి. రాబర్ట్స్ రూల్స్ అంటే మీటింగులు ఎలా నడపాలో చెప్పే పుస్తకం. అది రాసిన హెన్రీ మార్టిన్ రాబర్ట్ ఆర్మీ ఇంజినీరు. 1863లో న్యూ బెడ్‌ఫర్డ్ చర్చిలో ఒక మీటింగ్‌కి అధ్యక్షత వహించమంటే ఎలా నడపాలో తెలియక ఇబ్బంది పడ్డాడు. ఆ పట్టుదలతోనే చదివి, రాసి, 1876లో పుస్తకం వేశాడు. ఇప్పుడు నడుస్తున్నది 2020లో వచ్చిన 12వ ఎడిషన్. అందులో స్పష్టంగా ఉంది: నామినేషన్‌కి సెకండ్ అవసరం లేదు.

మరి ఈ అలవాటు ఎక్కణ్నుంచి వచ్చింది? మనవాళ్ల విషయంలో ఒక కారణం ఇండియా అనుకుంటాను. రాష్ట్రపతి ఎన్నికకి 50 మంది ప్రతిపాదించాలి, ఇంకో 50 మంది బలపరచాలి. అది టీవీలో చూసి చూసి అన్నిటికీ అంతే అనుకుంటాం. కానీ లోక్‌సభకి నిలబడేవాళ్లకి బలపరిచేవాళ్లతో పనే లేదు. ప్రతిపాదకులు చాలు: గుర్తింపు ఉన్న పార్టీ అభ్యర్థికి ఒక్కరు, ఇండిపెండెంట్‌కి 10 మంది.

రెండో కారణం మోషన్, అంటే "ఫలానా పని చేద్దాం" అని సభ ముందు పెట్టే ప్రతిపాదన. మోషన్‌కి సెకండ్ కావాలి, నిజమే. ఒక్కరికే పట్టిన విషయం మీద సభ మొత్తం టైమ్ ఖర్చు పెట్టకూడదు కదా. నామినేషన్ అలాంటిది కాదు. "ట్రెజరర్‌గా ______ ఎన్నిక కావాలి" అన్న ప్రశ్న సభ ముందు ముందే ఉంది. ఆ ఖాళీలో మనం ఒక పేరు సూచిస్తున్నాం, అంతే.

పెళ్లి సంబంధాలు వెతికే ఇల్లు ఊహించుకోండి. అమ్మాయికి సంబంధం చూడాలని ఇంట్లో అనుకున్నారు. పిన్ని ఫోన్ చేసి "మా వీధిలో ఒక అబ్బాయి ఉన్నాడు" అంది. "ఇంకొకరు కూడా చెప్తేనే చూస్తాం" అని ఎవరైనా అంటారా? పేరు రాసుకుంటారు. నచ్చిందా లేదా అన్నది తర్వాతి సంగతి. నామినేషన్ అంటే సంబంధం చెప్పడం. ఓటు అంటే ఖాయం చేసుకోవడం. ఈ రెండూ కలిపేస్తేనే గొడవలు.

ఇప్పుడు నామినేటింగ్ కమిటీ, అంటే పదవులకి పేర్లు సూచించడానికి వేసే కమిటీ. వీళ్లు పెళ్లిళ్ల పేరయ్యలు. ఊరంతా తిరిగి, వాకబు చేసి, అవతలివాళ్లు ఒప్పుకుంటారో లేదో ముందే కనుక్కుని ఒక సంబంధం తెస్తారు. చాలా విలువైన పని అది, నేను తక్కువ చెయ్యను. కానీ పేరయ్య ఒక సంబంధం తెచ్చాడు కాబట్టి పిన్ని నోరు మూసుకోవాలని ఎక్కడా లేదు. కమిటీ రిపోర్ట్ చదివాక అధ్యక్షుడు "సభలోంచి ఇంకెవరైనా పేర్లు చెప్తారా?" అని ప్రతి పదవికీ అడిగి తీరాలి. "కమిటీ లిస్ట్ ఇదీ, ఆమోదించండి" అని చప్పట్లు కొట్టించేస్తే తప్పు.

పేరయ్యని ఎవరు పెట్టాలి? అధ్యక్షుడు పెట్టకూడదు. ఆయన ఆ కమిటీలో సభ్యుడుగా కూడా ఉండకూడదని రాబర్ట్ గట్టిగానే చెప్తాడు. దిగిపోయేవాళ్లు తర్వాత ఎవరు రావాలో తామే రాసిపెట్టుకునే అవకాశం ఉండకూడదు. నా లెక్కలో ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త ఇదే. అయితే కమిటీలో ఉన్నవాళ్లు పోటీ చెయ్యకూడదన్న రూల్ మాత్రం లేదు. పేరయ్య కొడుక్కి కూడా పెళ్లీడు వస్తుంది కదా. మీ పేరు మీరే చెప్పుకోవచ్చు కూడా. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

తర్వాతది నాకు చిరాకు తెప్పించే రెండో విషయం. మొదటి పేరు చెప్పగానే ముందు వరసలోంచి ఒకరు "నామినేషన్లు ముగించాలి" అని అరుస్తారు. ఇంకొకరు "సెకండ్" అంటారు. పది సెకన్లలో తలుపు వేసేస్తారు. చెల్లదు! ఇంకో పేరు చెప్పాలనుకునేవాళ్లు ఉండగా ఆ మోషన్ పెట్టకూడదు. పెట్టినా దానికి మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి, ఎందుకంటే అది సభ్యుల హక్కుని ఆపుతోంది. తిరిగి తెరవడానికి మామూలు మెజారిటీ చాలు. మూయడం కష్టం, తెరవడం తేలిక. చూశారా ఎంత బాగా ఆలోచించారో! మామూలుగా అయితే ఓటింగ్ కూడా అక్కర్లేదు. "ఇంకెవరైనా?" అని అడిగి, ఎవరూ లేకపోతే అధ్యక్షుడే ముగిసిందని ప్రకటిస్తే సరిపోతుంది.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. ఒకే పేరు వస్తే, బైలాస్‌లో బ్యాలెట్ (చీటీ మీద రహస్య ఓటు) తప్పనిసరి అని లేకపోతే, అధ్యక్షుడు నేరుగా ఎన్నికైనట్టు ప్రకటించవచ్చు. బ్యాలెట్ ఉంటే నామినేట్ కాని మనిషి పేరు కూడా రాయవచ్చు. పేరయ్య చెప్పని, పిన్ని చెప్పని అబ్బాయిని అమ్మాయి తనే ఎంచుకున్నట్టు. గెలవాలంటే పడిన ఓట్లలో సగం దాటాలి, అందరికంటే ఎక్కువ వస్తే చాలదు. ఎవరికీ రాకపోతే మళ్లీ ఓటింగ్. అందులో చివరివాళ్లని బలవంతంగా తప్పించకూడదు.

వీటన్నిటికీ పైన మీ బైలాస్ ఉంటాయి. అందులో "సెకండ్ కావాలి" అని రాసి ఉంటే కావాల్సిందే. "నామినేషన్లు ఫలానా తేదీలోపు రాతపూర్వకంగా" అని ఉంటే అంతే. అందుకే మీటింగ్‌కి వెళ్లేముందు ఆ పేజీ ఫోన్‌లో పెట్టుకోండి. ఈసారి ఎవరైనా "సెకండ్ ఎవరు?" అని అడిగితే "ఏ క్లాజ్ ప్రకారం?" అని మర్యాదగా అడగండి.

ప్రాక్సీ ఓట్ల (ఒకరి తరఫున ఇంకొకరు వేసే ఓట్ల) సంగతి వచ్చే వీడియోలో.