101 ఎక్స్‌ప్రెస్ లేన్ పొడిగింపు: ఆ లేన్ ఎక్కడి నుంచి తేవాలి?

అందరికీ నమస్కారం. ఈ హాల్లో చాలామంది 101 హైవే మీద ఆఫీసుకి వెళ్లేవాళ్లే కాబట్టి ట్రాఫిక్ వర్ణనలు వదిలేసి నేరుగా విషయంలోకి వెళదాం.

కాలిఫోర్నియాలోని శాన్ మాటియో కౌంటీలో 101 మీద ఎక్స్‌ప్రెస్ లేన్ల (ఒంటరిగా వెళ్లేవాళ్లు టోల్ కట్టి, ముగ్గురున్న బళ్లు ఉచితంగా వాడే లేన్ల) పొడవు 22 మైళ్లు. దక్షిణ భాగం 2022 ఫిబ్రవరిలో, అక్కడి నుంచి 380 హైవే దాకా వెళ్లే ఉత్తర భాగం 2023 మార్చిలో తెరిచారు. 380 దాటించి శాన్ ఫ్రాన్సిస్కో వైపు తీసుకెళ్లాలన్న ప్రతిపాదన ఉంది. పొడిగింపు అనగానే టోల్ ఎంతని అడుగుతారు. అంతకంటే ముందు అడగాల్సింది, ఆ లేన్ ఎక్కడి నుంచి తెస్తారని.

రెడ్‌వుడ్ సిటీలో విపుల్ అవెన్యూకి దక్షిణాన పని తేలిక. అక్కడ కార్‌పూల్ లేన్ (ఒకరికంటే ఎక్కువమంది ఉన్న బళ్లకి కేటాయించినది) అప్పటికే ఉంది, దాన్నే టోల్ లేన్‌గా మార్చారు. విపుల్‌కి ఉత్తరాన అసలు కార్‌పూల్ లేనే లేదు. అక్కడ అక్కరకొచ్చింది ఆగ్జిలరీ లేన్. ఒక ర్యాంప్ మీంచి ఎక్కినవాళ్లకీ, తర్వాతి ఎగ్జిట్‌లో దిగేవాళ్లకీ మధ్య కుడిపక్కన ఉండే ముక్క అది. ఇంటర్‌చేంజ్ వచ్చినప్పుడల్లా తెగిపోతుంది. ఆ తెగినచోట్ల రోడ్డు వేసి ముక్కల్ని కలిపితే కుడివైపు ఒక పూర్తి లేన్ తయారవుతుంది. తర్వాత గీతలన్నీ చెరిపి, లేన్లన్నిటినీ ఒక వరస కుడికి జరిపి కొత్తగా గీస్తారు. ఎడమ చివర ఖాళీ అయిన వరసే ఎక్స్‌ప్రెస్ లేన్.

చెప్పినంత సులువేమీ కాదు. ఆగ్జిలరీ లేన్ పోయినచోట ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ మామూలు లేన్‌లోనే ఒకరి దారికి ఒకరు అడ్డంగా మారుతూ పోవాలి. అందుకే కొన్నిచోట్ల దాన్ని బయటివైపు మళ్లీ కట్టాల్సి వస్తుంది. పైనుంచి పోయే వంతెనల స్తంభాల దగ్గర వెడల్పు చాలదు. అక్కడ 12 అడుగుల లేన్లని 11కి తగ్గించడమో, షోల్డర్ (రోడ్డు అంచున ఆగిన బండిని పక్కకి తీసుకునే జాగా) కోసేయడమో చేస్తారు. షోల్డర్ లేనిచోట ఒక్క బండి ఆగినా లేన్ మొత్తం ఆగుతుంది. నా లెక్కలో పొడిగింపుల్లో అన్నిటికంటే ఖరీదైన పొదుపు ఇదే.

ఇక టోల్. హైదరాబాద్ ఓఆర్‌ఆర్ మీద పొద్దున ఎనిమిదికైనా అర్ధరాత్రయినా ఒకటే రేటు. ఇక్కడ రద్దీని బట్టి నిమిషాల్లో మారుతుంది. లేన్‌లోకి వచ్చేటప్పుడు బోర్డు మీద చూసిన రేటే మీకు పడుతుంది. ఈ రేటుకి ఒక లక్ష్యం ఉంది: ఫెడరల్ చట్టం ప్రకారం రద్దీ వేళల్లో, 180 రోజుల లెక్క మీద 90 శాతం సమయం ఆ లేన్‌లో వేగం గంటకి 45 మైళ్లకి తగ్గకూడదు.

"ఆ లేన్ ఖాళీగా పోతోంది, మేమిక్కడ పాకుతున్నాం" అనే ఫిర్యాదుకి జవాబు చిన్న గుణకారంలో ఉంది. 60 మైళ్ల వేగంతో, 200 అడుగులకొక బండి చొప్పున పోతే గంటకి 1,584 బళ్లు. పక్క లేన్‌లో 15 మైళ్ల వేగంతో 60 అడుగులకొకటి పాకుతుంటే 1,320. ఖాళీగా కనిపించేదే ఎక్కువ మోస్తోంది. ఆ లేన్‌లోకి ఇంకా బళ్లు వదిలితే అదీ పాకుతుంది, అప్పుడు రెండూ నష్టమే.

కార్‌పూల్ లేన్‌లో ఇద్దరికి ఉన్న ఉచితం తీసేసి, ఇక్కడ ముగ్గురుండాలన్నది కూడా ఇందుకే. ఇద్దరుంటే సగం టోల్, ముగ్గురుంటే ఉచితం. చంటిపిల్ల కూడా లెక్కలోకి వస్తుంది. మోటార్‌సైకిల్‌కి ఉచితమే, కానీ ట్యాగ్ (బండిలో పెట్టుకునే ఫాస్ట్రాక్ టోల్ పరికరం) ఉండాలి, ఎంతమంది ఉన్నారో చెప్పే దాని మీట 3 మీద ఉండాలి. ఎలక్ట్రిక్ కార్లకి ఇచ్చిన సగం రాయితీ 2025 సెప్టెంబరు 30తో ఆగిపోయింది.

తరచుగా జరిగే తప్పులు మాత్రం ట్యాగ్ దగ్గరే. ఫాస్ట్రాక్ ఫ్లెక్స్ అనే ఆ ట్యాగ్ మీటని బయల్దేరే ముందే 1, 2, 3లలో సరైన చోట పెట్టాలి. నిన్న ముగ్గురితో వెళ్లి ఈరోజు ఒంటరిగా 3 మీదే పోతే అది ఉల్లంఘన. పైన టోల్ స్తంభాల మీది దీపం మీ మీట ఎక్కడుందో పోలీసులకి చూపిస్తుంది, జరిమానా 490 డాలర్ల నుంచి మొదలు. అసలు ట్యాగే లేకుండా ముగ్గురు వెళ్తే కెమెరాకి నంబర్ ప్లేటే కనిపిస్తుంది, ముగ్గురున్నా ఉచితం దక్కదు.

స్తోమత లేనివాళ్ల మాటేమిటంటే, 880 హైవే మీద తక్కువ ఆదాయం వాళ్లకి ఒంటరిగా వెళ్లినా సగం రాయితీ ఇచ్చే పథకం మొదలుపెట్టారు. 101 పొడిగింపులో కూడా దాన్ని మొదటి రోజు నుంచే పెట్టాలని నా అభిప్రాయం.

380కి ఉత్తరాన ముందున్న దారులు రెండు. కొత్త లేన్ కట్టడం ఒకటి. కాలిఫోర్నియాలో 2020 జులై నుంచి పర్యావరణ ప్రభావాన్ని బళ్లు తిరిగే మొత్తం మైళ్లతో కొలుస్తున్నారు. లేన్ కలిపితే ఆ మైళ్లు పెరుగుతాయి, దానికి బస్సులో మరొకటో చూపించి సరిచేయాలి. ఉన్న మామూలు లేన్‌నే మార్చడం రెండోది. అది చవక, త్వరగా అవుతుంది, కానీ ఆ లేన్‌లోని బళ్లు మిగతా వాటిలోకో పక్క వీధుల్లోకో వెళతాయి. బహిరంగ విచారణకి వెళితే ఈ రెండింటికీ విడివిడిగా ర్యాంపుల దగ్గరి క్యూ లెక్కలు, లేన్ ముగిసే చోటి క్యూ లెక్క అడగండి. మొత్తం కారిడార్ సగటు వేగం ఒక్కటే చూపిస్తే ఒప్పుకోవద్దు. లేన్ ఆగిపోయేచోట పేరుకునే బళ్లు ఆ సగటులో కనిపించవు.