అమెరికా యూనివర్సిటీలో మన తెలుగు కూడా ఫారిన్ లాంగ్వేజే!

హాయ్ అండి, అందరికీ నమస్కారం! "అక్కడ ఫారిన్ లాంగ్వేజెస్ డిపార్ట్‌మెంట్ అంటే ఏడాదంతా ఏం చేస్తారే?" అని పిన్ని వాళ్ళు వాట్సాప్‌లో అడుగుతూనే ఉన్నారు కదా, ఈ రోజు వ్లాగ్ అదే.

ఇక్కడ బీఏ పిల్లలకి చాలా యూనివర్సిటీల్లో రెండు నుంచి నాలుగు సెమిస్టర్లు పరాయి భాష తప్పనిసరి. ఆగస్టులో క్లాసులు మొదలయ్యే ముందే ప్లేస్‌మెంట్ టెస్ట్ ఉంటుంది. ప్లేస్‌మెంట్ అనగానే ఉద్యోగం అనుకోకండి, ఏ క్లాసులో కూర్చోబెట్టాలో తేల్చే పరీక్ష అన్నమాట. మనవాళ్ళ తెలివంతా ఇక్కడే బయటపడుతుంది. హైస్కూల్లో మూడేళ్ళు స్పానిష్ చదివిన పిల్లాణ్ణి కావాలని తప్పులు పెట్టమంటారు, మొదటి క్లాసులో పడితే "A" గ్రేడ్ తేలిగ్గా వస్తుందని. నిజానికి పై క్లాసులో చేరి మంచి గ్రేడ్‌తో పాసైతే, కింది క్లాసుల క్రెడిట్లు (డిగ్రీకి కూడబెట్టాల్సిన క్లాసుల లెక్క) కూడా వెనక్కి లెక్కేసి ఇచ్చే యూనివర్సిటీలు చాలానే ఉన్నాయి. క్రెడిట్ 500 డాలర్లు అనుకుందాం. నాలుగు క్రెడిట్ల క్లాసు 2,000 డాలర్లు, డాలరు 90 చొప్పున 1,80,000 రూపాయలు. తెలిసిన "ఓలా, కోమో ఎస్తాస్" మళ్ళీ నేర్చుకోవడానికండీ ఇంత!

అసలు లెక్క ఇప్పుడు చెప్తా. వారానికి నాలుగు క్లాసులు, ఒక్కోటి 50 నిమిషాలు, 15 వారాలు. సెమిస్టర్‌కి సరిగ్గా 50 గంటలు, ఏడాదికి వంద. అమెరికా దౌత్యవేత్తలకి భాషలు నేర్పే ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ అని ఒకటుంది. పనికొచ్చే స్థాయికి స్పానిష్‌కి 600 నుంచి 750 క్లాసు గంటలు, కొరియన్, జపనీస్, చైనీస్, అరబిక్‌లకి 2,200 గంటలు పడుతుందని వాళ్ళు చాలా ఏళ్ళు చెప్పిన అంచనా. ఆ జాబితాలో తెలుగు కూడా ఉంది, 1,100 గంటలు! అంటే ఈ క్లాసుల లెక్కన పదకొండేళ్ళు, 88 క్రెడిట్లు, 44,000 డాలర్లు. దాదాపు 40 లక్షల రూపాయల సరుకు, అమ్మ అన్నం కలుపుతూ ఫ్రీగా నేర్పేసింది. ఇది చెప్తే మా వాళ్ళు ఇంకెప్పుడైనా "ఒక్క ముక్క తెలుగు మాట్లాడవేంరా" అని పిల్లల్ని అరిచే ముందు ఆలోచిస్తారేమో.

సరే, దారి తప్పాం. క్లాసులో ఇరవై మంది ఉంటే, 50 నిమిషాల్లో సగం టీచరే మాట్లాడితే, ఒక్కో పిల్లకి నోరు తెరవడానికి నిమిషం పై చిల్లర మిగులుతుంది. అందుకే డిపార్ట్‌మెంట్లు కాన్వర్సేషన్ టేబుల్ అని పెడతాయి. వారానికోసారి గంట, ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు, మార్కుల్లేవు. టేబుల్‌కి ఐదుగురే అయితే తలా పన్నెండు నిమిషాలు దక్కుతాయి, వారం మొత్తం క్లాసుల్లో మాట్లాడినదానికి రెట్టింపు పైనే! కానీ ఎనిమిది మంది చేరారా, బాగా వచ్చిన ఇద్దరు వాయించేస్తారు, మిగతావాళ్ళు ఫోన్లు తీస్తారు, పావుగంటలో అందరూ ఇంగ్లీషులోకి జారిపోతారు. బాగా నడిపేవాళ్ళు చేసే పని ఇది: ఐదుగురు దాటగానే రెండో టేబుల్ వేస్తారు, ప్రశ్నల కార్డులు పెడతారు, పది నిమిషాలకోసారి కార్డు మారుస్తారు. ఇద్దరిద్దరుగా భాషలు మార్చుకునే టాండెం పద్ధతిలోనూ అంతే. అరగంట నీ భాష, అరగంట నా భాష అని ఫోన్లో టైమర్ పెట్టకపోతే, ఇద్దరికీ బాగా వచ్చిన భాషలోనే గంటంతా గడిచిపోతుంది.

ఇంత హడావిడి ఎందుకంటే చేరే పిల్లలు తగ్గుతున్నారు. మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్ లెక్క (పొట్టి పేరు ఎం.ఎల్.ఏ., మన ఎమ్మెల్యే కాదండోయ్) ప్రకారం 2016 నుంచి 2021 మధ్య ఇక్కడి కాలేజీల్లో ఇంగ్లీషు కాని భాషల్లో చేరికలు 16.6 శాతం పడిపోయాయి. కొరియన్ మాత్రం 38.3 శాతం పెరిగింది.

మన పిల్లల సంగతి. బర్క్‌లీ, ఆస్టిన్, మాడిసన్ యూనివర్సిటీల్లో తెలుగు క్లాసులు పెట్టారు. లేనిచోట కూడా, బయటి పరీక్ష రాసి తెలుగుతోనే ఆ తప్పనిసరి పరాయి భాష లెక్క తీర్చుకోనిస్తారా అని డిపార్ట్‌మెంట్ అడ్వైజర్‌ని ముందే అడగండి, ఫీజు కట్టాక కాదు. ఓపీఐ అనే మౌఖిక పరీక్ష తెలుగులో ఉంది, 20 నుంచి 30 నిమిషాలు. పిల్ల తడబడేదాకా ప్రశ్న బరువు పెంచుతూనే పోతారు. ఇంట్లో తెలుగు విని ఇంగ్లీషులో జవాబిచ్చే పిల్లలు ఎక్కడ దెబ్బ తింటారంటే, విడి వాక్యాలు వస్తాయి, వాటితో ఇంటర్మీడియట్ అనే మధ్య స్థాయి దగ్గర ఆగిపోతారు. అడ్వాన్స్‌డ్ రావాలంటే జరిగింది, జరుగుతోంది, జరగబోయేది, మూడు కాలాల్లోనూ పేరాలు పేరాలుగా చెప్పగలగాలి. ఇంకోటి, ఇంట్లో అలవాటుకొద్దీ పరీక్ష చేసేవాళ్ళని కూడా "నువ్వు" అనేస్తారు. నెల రోజులు రోజూ రాత్రి "ఈ రోజు ఏం జరిగిందో మొదట్నుంచి చెప్పు, నన్ను మీరు అని పిలుస్తూ చెప్పు" అనండి. నవ్వుకుంటారు కానీ పనిచేస్తుంది.

డిసెంబరులో జపనీస్ నేర్చుకునేవాళ్ళకి జేఎల్‌పీటీ పరీక్ష, ఈ దేశంలో ఏడాదికి ఒక్కసారే. మే నెలలో డిగ్రీల పండగ. ఈ రెండూ ఇంకో వ్లాగ్‌లో.

వాటికంటే ముందే నవంబరులో ఇంటర్నేషనల్ ఎడ్యుకేషన్ వీక్ వస్తుంది. గోడ మీద ఇరవై భాషల్లో "వెల్‌కమ్" పోస్టర్ వేస్తారు, దాంట్లో మనది ఇలా ఉంటుంది చూడండి: "స్‌వాగతం". వత్తు ఊడిపోయి పక్కన నిలబడింది. తప్పు అక్షరాలది కాదు, డిజైన్ సాఫ్ట్‌వేర్ వాటిని ఒక్కోటిగా పేర్చింది, కలపలేదు. ఇన్‌డిజైన్‌లో అయితే పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ ఎంచుకుని, నోటో సాన్స్ తెలుగు లాంటి యూనికోడ్ ఫాంట్ పెడితే వత్తు దాని చోటికి వెళ్ళిపోతుంది. తర్వాత పీడీఎఫ్ చేసి, ప్రింట్‌కి పంపే ముందు తెలుగు చదవడం వచ్చిన ఒక్కరికి చూపించాలి. ఇరవై భాషలున్న ఆ వరండాలో ఆ ఒక్కరు దొరకరండీ చాలాసార్లు. కాబట్టి మీ పిల్లల యూనివర్సిటీలో పోస్టర్ కనిపిస్తే ఫోటో తీసి పంపించమనండి, మనమే చదివి పెడదాం.